పుట్టినప్పటి మొహం

చింతాద్రిపేటలో గడియారాలు బాగుచేసే, పాతవి కొని అమ్మే పెద్దాయన ఒకరున్నారు. ఏ గడియారం ఇచ్చినా ముందు చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు.

బైకు కొనాలని, మా తాత వదిలివెళ్ళిన క్రోనోగ్రాఫ్‌ని, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్న పాత చేతిగడియారాన్ని, అమ్ముదామని ఆయనకిచ్చాను. అంతకుముందే ఆయుధపూజకి ఇత్తడి బిందెలతో పాటు దాన్నీ తళతళలాడేలా తోమి బొట్టు పెట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను.

ఆయన భూతద్దం కంటికి బిగించారు. "డయల్ పుట్టినప్పటిదే. ముళ్ళూ అవే. మీ తాత బిల్లు కూడా దాచినాడే, బంగారం అప్పా ఆయన!"

మనసులో నా బైకు స్టార్టయింది. అంతలో ఆయన గడియారాన్ని పక్కకి తిప్పారు.

"ఈడ అంచులు ఏమాయె?"

"తోమాను సార్. కొత్తదానిలా లేదూ?"

"కొత్తది కావాలంటే టి. నగర్ పోతారు, నా దగ్గరికెందుకు వస్తారు? పాతదానికి రేటు దాని ముడతలకే. సగం రేటు నువ్వే తోమేసినావు."

చావుకబురు చల్లగా చెప్పారు. పోయింది నా బైకే కాబట్టి ఏడ్చేవాళ్ళెవరూ లేరు. గడియారం చేతికి కట్టుకుని బస్సెక్కాను.

మరుసటి ఆయుధపూజ నాడు ఆ దారిన వెళ్ళాను. కొట్టంతా కడిగి ఉంది. స్క్రూడ్రైవర్లకి, పట్టకార్లకి గంధం, కుంకుమ. పాత గడియారాల అద్దాల బీరువాలో మాత్రం దుమ్ము కదల్లేదు. బొట్టు బీరువా తాళానికి పెట్టారు.

"వీటికి పూజ లేదా సార్?"

ఆయన నా చేతిగడియారం విప్పించి, చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"దేవుడు ఏమీ అనుకోడులే అప్పా. కొనేవాడే అనుకుంటాడు."