రెండో తలుపు

తెరేసమ్మ ఒక ఫియట్ కారు ఎడమ తలుపు లోపలి అట్ట మీది రెక్సిన్‌కు స్పీకరు పట్టేలా గుండ్రంగా కన్నం చేసి, అంచు చుట్టూ గాట్లు పెట్టి, లోపలికి మడిచి జిగురుతో అంటిస్తోంది. జాకెట్టు మెడ కుట్టేవాళ్లు చేసే పనే అది. అట్టతోపాటు రెక్సిన్‌ను కూడా చాకుతో కోసి వదిలేస్తే కొన్నాళ్లకే అంచు లేచిపోతుంది.

ఆటోనగర్‌లో వెంకటప్పయ్య షెడ్డులో ఆమె చాలా ఏళ్లుగా కారు సీట్లు కుడుతోంది. ఈమధ్య కార్లలో క్యాసెట్ ప్లేయర్లు పెట్టించుకోవడం మొదలైంది. స్పీకర్లు బిగించేవాళ్లు తలుపుల్ని చీల్చిపోతే, అతుకులేసే పని ఆమె మీద పడేది. అందుకే స్పీకర్లు బిగించే పనంతా తనకే ఇవ్వమని అడిగింది.

“సరే, ఈ ఫియట్ చెయ్యి,” అన్నాడు వెంకటప్పయ్య. “పాడుచేశావో, మళ్లీ తలుపుల మాట ఎత్తకు. సీట్లు కుట్టుకుంటూ కూర్చో.”

కారు చల్లపల్లి రైస్ మిల్లు మేనేజరు భానుమూర్తిది. సాయంత్రం వస్తానని వదిలి వెళ్లాడు.

ఎడమ తలుపు కుదిరింది. అద్దం పూర్తిగా దించి, లోపల చెయ్యిపెట్టి చోటు చూసుకున్నాకే కోసింది. వాన నీళ్లు తగలకుండా స్పీకరు పైన చూరులాగా సైకిల్ ట్యూబు ముక్క బిగించింది. తర్వాత అదే కాగితం నమూనా తిరగేసి కుడి అట్ట మీద పరిచి కోసేసింది. జాకెట్టుకు రెండు చేతులూ అలాగే కదా కత్తిరించేది.

అట్ట బిగించి హ్యాండిల్ తిప్పితే కుడి అద్దం సగంలో ఆగిపోయింది. ఊడదీసి చూసింది. అద్దాన్ని దించే ఇనపకడ్డీ స్పీకరు వెనకభాగానికి తగులుతోంది. ఎడమవైపు అది అంత కిందికి రాదు. ఈ తలుపు వేరే బండిది, ఎప్పుడో మార్చారు.

“సగం దిగుతోందిగా, చాల్లే,” అన్నాడు వెంకటప్పయ్య. “గాలెక్కువైతే ఆయన క్రాపు చెదురుద్ది. అడిగితే పాత బండండీ అందాం.”

“అద్దం దిగని తలుపు నేనివ్వను బాబాయ్.”

“కన్నం పడ్డాక ఏం చేస్తావ్? మాసికేస్తావా?”

“కొత్త అట్ట కోస్తా.”

“ఆ రంగు రెక్సిన్ మన దగ్గరేదీ?”

ఆమె చెప్పులేసుకుని గవర్నర్‌పేట బస్సెక్కింది. అక్కడా ఆ రంగు దొరకలేదు. దగ్గరి రంగు చూసి, రెండు తలుపులకూ సరిపడా తెచ్చింది.

“ఎడమది శుభ్రంగానే ఉందిగా, దాన్నెందుకు పీకుతున్నావ్?” అన్నాడు వెంకటప్పయ్య.

“తలుపుకో రంగుంటే మీరు ఎక్కుతారా ఆ కారు?”

ఈసారి రెండు తలుపుల్లోనూ చెయ్యిపెట్టి వెతికింది. ముందువైపు కింది మూల రెండింటికీ పనికొస్తుంది. కోయకముందే స్పీకరును అక్కడ చేత్తో పట్టుకుని కూర్చుంది.

“తిప్పు బాబాయ్.”

అతను ఇటొచ్చి హ్యాండిల్ తిప్పాడు. అద్దం అడుగుదాకా దిగింది. రెండో తలుపుదీ అలాగే చూశాక చాకు తీసుకుంది. గాట్లు, మడతలు, జిగురు, చూరు, అన్నీ మొదటినుంచి మళ్లీ చేసింది.

భానుమూర్తి వచ్చేసరికి ఆఖరి మరలు బిగిస్తోంది. ఆయన తలుపుల వంక వింతగా చూశాడు.

“రంగు మారిందేమిటమ్మా?”

వెంకటప్పయ్య నోరు తెరిచేలోగా ఆమే చెప్పింది. “కుడి తలుపు చూసుకోకుండా కోశానండీ. అందుకే రెండూ కొత్తవి వేశాను. ఆ తలుపు ఈ బండిది కాదండీ.”

“నీకెలా తెలిసింది? డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు మిల్లు గేటుకే కొట్టాను. ఇంట్లో కూడా తెలీదు.”

“మా షెడ్డులో మాట బయటికి పోదులెండి,” అన్నాడు వెంకటప్పయ్య.

భానుమూర్తి లోపల కూర్చుని రెండు అద్దాలూ పూర్తిగా దించి, ఎక్కించి, మళ్లీ దించాడు. క్యాసెట్ పెట్టాడు. రెండు పక్కలనుంచీ సన్నాయి పలికింది. సౌండు పెంచి, తలుపు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. ఎక్కడా గరగర లేదు.

“హనుమాన్ జంక్షన్‌లో మా బావమరిదికి అంబాసిడర్ ఉంది. వాడినీ పంపిస్తాను. ఎవరినడగమనాలి?”

“తలుపుల పనైతే తెరేసమ్మనండీ,” అన్నాడు వెంకటప్పయ్య.

తెరేసమ్మ అద్దాల మీది జిగురు మరకలు తడిగుడ్డతో తుడిచి, పొద్దున ఆయన వదిలివెళ్లిన డిక్కీ తాళంచెవి తిరిగి ఆయన చేతిలో పెట్టింది.