గెలిచినప్పుడల్లా ఒక తాడు చుట్ట

మా అన్న చనిపోయాడన్న ఫోన్ వచ్చేటప్పటికి నేను నెల్లూరులో, నేను పనిచేసే గ్రంథాలయంలో ఉన్నాను. ఉదయం పేపర్లు చదవడానికి వచ్చినవాళ్ళు ఇంకా బల్లల దగ్గరే ఉన్నారు. చెన్నైలో అన్నతో కలిసి బాక్సింగ్ నేర్పే స్నేహితుడు ఆ ఫోన్ చేశాడు. పిల్లల చేత స్కిప్పింగ్ చేయిస్తూ అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదట. గుండె ఆగిందని డాక్టర్లు చెప్పారు. ఇన్నేళ్ళు తిన్న దెబ్బల వల్లనేనా అని ఆ తర్వాత చాలామంది నన్ను అడిగారు. నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం నాకు చేతకాదు.

వెంటనే బయలుదేరి, చిల్లకూరు దగ్గర హైవే మీద బస్సు దిగి, సముద్రం వైపు పోయే ఆటో ఎక్కి మా ఊరు చేరాను. అమ్మకు అప్పటికే తెలిసిపోయింది. ఇంటి ముందు ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు ఉన్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఇంకెవరికీ వినపడకుండా ఒక్కటే అడిగింది.

"పడవలు ఆపుతారంటనా?"

మాది చేపలు పట్టే ఊరు. వేటకు పోయే మనిషి చనిపోతే, మట్టి అయ్యేదాకా ఊళ్ళో ఒక్క పడవ కూడా నీళ్ళలో దిగదు. ఇది ఊరి కట్టుబాటు. వేరే బతుకుతెరువు చూసుకుని వెళ్ళిపోయినవాళ్ళకు ఇది వర్తించదు. మా వీధి నుంచి వెళ్ళి కానిస్టేబుల్ అయిన ఒకాయన పోయినప్పుడు పడవలు మామూలుగానే వేటకు వెళ్ళాయి, ఇళ్ళ దగ్గర ఉన్నవాళ్ళు శవం వెంట నడిచారు. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. అన్న వేట మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. పైగా ప్రభుత్వం పెట్టే వేట నిషేధం ముగిసి అప్పటికి వారం కూడా కాలేదు. రెండు నెలలు ఇసుకలో ఎండిన పడవలు అప్పుడప్పుడే నిండుగా తిరిగి వస్తున్నాయి. ఆ రోజుల్లో ఒక్క పూట ఆగడమంటే ఏమిటో, తలమీద చేపల బుట్ట మోసి మమ్మల్ని పెంచిన అమ్మకు బాగా తెలుసు. తెలిసే అడిగింది.

"నేను పోయి మామను అడిగి రానా?" అన్నాను. మామ అంటే ఊరి పెద్ద. అమ్మకు వరసకు అన్న అవుతాడు.

"వద్దు. మనం అడిగి ఆపించుకుంటే అది ఆగినట్టు గాదు."

శవం సాయంత్రానికి వస్తుందని చెప్పారు. అన్న దగ్గర నేర్చుకున్నవాళ్ళు దూరాల నుంచి రావాలి కాబట్టి మట్టి మరుసటి ఉదయం. పడవలు బయలుదేరేది తెల్లవారకముందే. అంటే ఊరు ఏం చేసేదీ ఆ సాయంత్రంలోగా తేలిపోవాలి.

అన్న మొదటినుంచీ పెద్ద మనిషి. పదిహేనేళ్ళు వచ్చేసరికే మా ఇంటి గుమ్మంలో తల వంచకుండా దూరలేకపోయేవాడు. అప్పట్లో ఊరంతటికీ ఉమ్మడిగా ఒక పెద్దవల ఉండేది. ఒడ్డున రెండు వరసలుగా నిలబడి, రెండు తాళ్ళు పట్టుకుని లాగాలి. మడమలు ఇసుకలో పాతి, నడుము నుంచి వెనక్కి వాలి, ఒంటి బరువంతా తాడుకు ఇచ్చెయ్యాలి. అన్నను ఎప్పుడూ నీళ్ళకు దగ్గరగా, అలలు నడుముకు కొట్టే చోట నిలబెట్టేవాళ్ళు. అక్కడ బరువైన మనిషి ఉంటే తాడు జారదు.

చెన్నై హార్బరులో మరబోట్ల మీద పనికి వెళ్ళినప్పుడు అన్నకు పంతొమ్మిదేళ్ళు. హార్బరు వెనక వీధుల్లో బాక్సింగ్ నేర్పే చోట్లు చాలా ఉన్నాయి. ఐసు దిమ్మలు మోస్తున్న అన్నను ఒక ముసలి కోచ్ చూసి పిలిచాడు. తిండి పెడతామంటే వెళ్ళానని అన్న నిజాయితీగా చెప్పేవాడు.

ఆ కోచ్‌కు మా పెద్దవల పెద్ద తలనొప్పి అయింది. బాక్సర్ మునివేళ్ళ మీద, కొంచెం ముందుకు ఉండాలి. అన్న దెబ్బ వస్తుందనగానే మడమలు నేలకు పాతి వెనక్కి వాలేవాడు. అలా వాలినవాడు తిరిగి దెబ్బ కొట్టాలంటే ముందు లేచి రావాలి, ఆలోగా ఇంకో రెండు పడతాయి. ఆ అలవాటు మాన్పించడానికి ఆయన మడమల కింద తడి బట్టలు కూడా పరిచాడట, జారి పడితే బుద్ధి వస్తుందని. పూర్తిగా పోలేదు. మా నాయన ఒకే ఒక్కసారి చెన్నై వెళ్ళి అన్న పోటీ చూశాడు. తిరిగొచ్చాక అన్నం దగ్గర అడిగాడు.

"ఆడ వల యాడుందిరా, అట్ట వాల్తావు?"

"అలవాటు నాయనా."

"వాలితే వాలినావు గానీ, తాడు లేకుండా వాల్తే పడిపోతావబ్బయా."

తొంభై కిలోలు దాటినవాళ్ళ పోటీ హెవీవెయిట్. మన వైపు అంత బరువున్న బాక్సర్లు తక్కువ. అన్న మొదటి పతకం తెచ్చినప్పుడు నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవుర్ని కొట్టినావు?"

"ఎవుర్నీ లేదు. ఎదురోడు రాలా."

"మరి ఇదెందుకు ఇచ్చినారు?"

"నేను పొయ్యినందుకు."

నాయన ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వాడు. పతకం మాత్రం గోడకు తగిలించాడు.

కొన్నేళ్ళకు అన్న ప్రొఫెషనల్ అయ్యాడు. తలకు రక్షణ ఉండదు, రౌండ్లు ఎక్కువ, పోటీ నిర్వాహకులు ఎక్కడికి రమ్మంటే అక్కడికి పోవాలి. ఈ దేశంలో అన్న బరువుకు సరిజోడు దొరకడం కష్టం. అందుకని ఎక్కువగా బ్యాంకాక్, దుబాయ్, మనీలా. అక్కడ పైకి వస్తున్న కుర్ర బాక్సర్ల ఎదుట నిలబడటానికి ఒక పెద్ద మనిషి కావాలి. గెలుస్తాడని కాదు, తొందరగా పడిపోడని పిలిచేవాళ్ళు. ఈ సంగతి అన్నకు బాగా తెలుసు, దాచుకోలేదు కూడా. "నేను ఆడికి పొయ్యేది ఓడిపోయేదానికి కాదు, వాళ్ళు అట్ట అనుకుంటా ఉండారు, అంతే" అనేవాడు. చాలాసార్లు పాయింట్ల మీద ఓడాడు. కానీ చివరి గంట మోగేటప్పుడు తన కాళ్ళ మీద తను నిలబడి ఉండేవాడు. రింగ్ దిగి, తనను ఓడించినవాడి దగ్గరికి వెళ్ళి మాట్లాడి వచ్చేవాడు. ఆ పోటీలన్నీ నేను ఫోన్లో చూశాను. చూడలేక మధ్యలో ఆపినవీ ఉన్నాయి. అమ్మ ఒక్కటీ చూడలేదు.

బ్యాంకాక్‌లో ఒక పోటీ గురించి మాత్రం చెప్పాలి. ఎదుటివాడు అన్న కంటే పదేళ్ళు చిన్న, అప్పటికి ఒక్కసారి కూడా ఓడనివాడు. అతనితో తలపడాల్సిన మనిషికి చెయ్యి విరిగితే, ఆఖరి నిమిషంలో అన్నను పిలిచారు. మొదటి మూడు రౌండ్లు దెబ్బలు తినడమే. నాలుగో రౌండ్లో అతను కుడిచేత్తో బలంగా విసిరాడు. అన్న పాత అలవాటు కొద్దీ మడమలు నాటి వెనక్కి వాలాడు. దెబ్బ ముక్కు ముందు నుంచి గాలిలో పోయింది, విసిరినవాడు ఆ ఊపుకు ముందుకు తూలాడు. అన్న లేచి వస్తూ అతని పక్కటెముకల కింద ఎడమచేత్తో కొట్టాడు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, రెఫరీ పది లెక్కపెట్టేదాకా లేవలేదు. ఆ వాలడం వల్ల అన్న తిన్న దెబ్బలతో పోలిస్తే ఒక్కసారి కాపాడటం పెద్ద లెక్కలోకి రాదు. అయినా ఆ ఒక్కసారి నేను చూశాను. గ్రంథాలయంలో ఎవరూ లేకపోవడంతో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

అన్న ప్రొఫెషనల్‌గా మొదటిసారి గెలిచి ఊరికొచ్చినప్పుడు ఒక సంగతి జరిగింది. మా ఊళ్ళో ఎవరైనా తోటి మనిషి మీద చెయ్యి చేసుకుంటే, కారణం ఏదైనా సరే, కొట్టినవాడు పెద్దవలకు ఒక తాడు చుట్ట తెచ్చి, సాయంత్రం అందరూ కూర్చునే చోట పెట్టాలి. అన్న ఆ సాయంత్రం అక్కడికి వెళ్ళేసరికి మామ ఎగతాళి చేశాడు.

"ఏంరా, మనిషిని పడేట్టు కొట్టినావంటనే. ఊరి కట్టుబాటు మరిచిపోయినావా?"

"వాడు మనూరోడు గాదు మామా."

"వాడు గాకపోతే ఏంది? నువ్వు మనూరోడివే గదా."

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాతి సారి బస్సు దిగినప్పుడు భుజం మీద చెన్నైలో కొన్న కొత్త తాడు చుట్ట ఉంది. తీసుకెళ్ళి పెద్దల ముందు పెట్టాడు. ఈసారి మామ నవ్వలేదు. లేచి, రెండు చేతులతో తీసుకున్నాడు. అప్పటి నుంచి గెలిచినప్పుడల్లా ఒక తాడు చుట్ట వచ్చేది. ఓడినప్పుడు ఉత్త చేతులతో వెళ్ళి కూర్చునేవాడు.

"ఈసారి తాడు లేదా అబ్బయా?"

"ఈ పాలికి వాళ్ళే తేవాల మామా. అడ్రసు ఇస్తా, పోయి అడుగు."

ఊళ్ళో అది ఒక వేళాకోళంగా సాగుతుండేది. నాయన ఒక్కడే దాన్ని వేళాకోళం అనుకోలేదు. "బయటోడు ఎవుర్ని కొట్టినా ఊరు అడగదమ్మా. తనోణ్ణే అడుగుద్ది" అని నాతో ఒకసారి అన్నాడు. ఆయన పోయినప్పుడు పడవలు ఆగాయి. ఆ ఉదయం అన్న ఒడ్డున నిలబడి వాటిని చాలాసేపు చూశాడు, అది అమ్మ గమనించింది.

శవం పొద్దు వాలేముందే వచ్చింది. అంబులెన్స్ నుంచి దించడానికి ఎనిమిదిమంది కావలసి వచ్చింది. అన్నను ఇంటి ముందు పందిరి కింద పడుకోబెట్టాక, మగవాళ్ళు ఒక్కొక్కరే ఒడ్డుకు వెళ్ళారు. ఊరి మాట తేల్చేటప్పుడు ఆడవాళ్ళం అక్కడికి వెళ్ళము. నేను పడవల వెనక నిలబడి విన్నాను. అమ్మ అడగవద్దన్నది గానీ వినవద్దనలేదు.

ఒక పడవ యజమాని, అన్న ఈడువాడే, ముందుగా మాట్లాడాడు. "డీజిలు పోసినాం, ఐసు ఎత్తినాం. రెండు నెల్ల నుంచి ఇంట్లో పొయ్యి ఎట్ట వెలిగిందో అందరికీ తెలుసు. అన్న మీద నాకు గౌరవం లేకగాదు. కానీ వేటకు పొయ్యే మనిషి గాదు గదా. కానిస్టేబుల్ అన్న పోతే ఆపినామా?"

అతని మాటలో అన్యాయం ఏమీ లేదు. నేను అతని చోట ఉన్నా అదే అడిగేదాన్నేమో. తర్వాత మామ గొంతు వినిపించింది.

"కానిస్టేబులు మంచోడు. తిరణాలకు వచ్చేవాడు, మొక్కు తీర్చుకుని పొయ్యేవాడు. ఈడు అట్ట గాదబ్బయా. ఏ దేశంలో ఏం చేసొచ్చినా, వచ్చి ఈ ఇసకలో నిలబడి మనకు జవాబు చెప్పుకునేవాడు. నువ్వు ఉన్నూరోడివి, నువ్వెప్పుడన్నా అట్ట చెప్పినావా?"

"లేదు మామా."

"నేనూ చెప్పలా. నా మాట నేను చెప్పినా. పోవాలనుకున్నోళ్ళు పోవచ్చు."

ఆ యజమాని తన పడవ దగ్గరికి నడిచి, తెల్లవారి దించడానికని నీళ్ళ అంచుకు చేర్చిన దాన్ని మనుషుల్ని పిలిచి వెనక్కి, ఎగువ ఇసుకలోకి లాగించాడు. మిగతా పడవలవాళ్ళు కూడా అదే చేశారు.

నేను ఇంటికి వచ్చి అమ్మకు చెప్పబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది. తనే లేచి, సందు చివరిదాకా నడిచి, చూసి వచ్చి మళ్ళీ అన్న పక్కన కూర్చుంది.

మరుసటి రోజు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. అందులో అన్నను కడలి పులి అన్నారు. అలా ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. బతికుంటే ఆ ముక్క చదివి, తన పొట్ట చూపించి నవ్వేవాడు.

తెల్లవారింది. ఇంజను చప్పుడు ఒక్కటి కూడా లేదు. అలల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని ఉదయాలు మా ఊళ్ళో చాలా తక్కువ. దూరాల నుంచి రావాల్సినవాళ్ళు వచ్చేశారు. చెవులు నలిగి, ముక్కులు వంకరపోయిన పెద్ద పెద్ద మనుషులు, చెప్పులు చేత్తో పట్టుకుని పందిరి కింద ఇబ్బందిగా నిలబడ్డారు. మామ అమ్మ దగ్గరికి వచ్చాడు.

"తొందరేం లేదమ్మా. అందరూ చూసినాకనే ఎత్తుదాం. ఈ పూటకు పడవలు ఎట్టా పోవు."

"లేదన్నా. పొద్దెక్కకముందే ఎత్తండి," అంది అమ్మ. "ఐసు కరిగిపోతా ఉంటుంది. పిల్లోళ్ళు వేటకు పోవాల."

"ఒక్క రోజుకు ఏంగాదు."

"నేను చూసినా అన్నా. ఆగినారు. చాలు."

మామ మోసేవాళ్ళను పిలిచాడు. పొద్దు పూర్తిగా ఎక్కకముందే మట్టి అయిపోయింది. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి స్నానాలు చేస్తుండగానే మొదటి ఇంజను మోగింది. ఆ తర్వాత వరసగా. అన్న స్నేహితుడు, చెన్నై నుంచి ఫోన్ చేసిన ఆయన, ఇంటి ముందు అమ్మ పక్కనే కూర్చుని ఉన్నాడు. హార్బరులో పెరిగినవాడు, పడవలు ఏ వేళకు పోతాయో తెలిసినవాడు.

"ఏందమ్మా, ఇంత పొద్దెక్కినాక పోతుండాయి? అన్నీ ఇంతసేపు ఆగినాయి ఎందుకు?"

"నా కొడుకు పొయ్యినాడు గదా నాయనా, అందుకని," అంది అమ్మ, అందులో చెప్పాల్సిన విశేషమేమీ లేనట్టు.