ఆదివారం వంతు

సింధనూరు హోటళ్ళలో కాఫీ గ్లాసు ఏటికేడాది చిన్నదైపోతోంది. దీని మీద ఎవరూ ధర్నా చెయ్యడం లేదు. ఒక కాఫీని ఇద్దరికి పంచి ఇచ్చే బై టూ పద్ధతి గొప్పదే, కాదనను. కానీ ఇప్పుడు బై టూ అడిగితే చేతికొచ్చేది పసిపిల్లకు ఉగ్గు పట్టేంత. మొన్న మా కాలేజీ ఎదురు హోటల్లో కాఫీ తాగానా, వాసన చూశానా అన్న అనుమానంతోనే బయటికొచ్చాను.

మా బావ ప్రకాశం ఉండి ఉంటే ఆ గ్లాసు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మూత. గ్లాసేదీ?" అని అడిగేవాడు.

ఆయన సంగతి చెబుదామనే కూర్చున్నాను. కాఫీ అడ్డొచ్చింది.

ముందుగా ఒక మాట. నేను ఎకనామిక్స్ చెప్పే లెక్చరర్ని. గిరాకీ, సరఫరా అంటూ కనపడని శక్తుల గురించి రోజంతా చెప్పి జీతం తీసుకునేవాణ్ణి కనుక, దయ్యాలకు నా దగ్గర చోటు మిగల్లేదు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలో ప్రశ్నలడిగి చెడగొట్టడం నా అలవాటు. పుట్టుకతో క్రైస్తవుణ్ణే. ఆదివారం చర్చికి వెళతాను, ప్రసంగం సగానికి వచ్చేసరికి కునుకు తీస్తాను. అలాంటి మనిషి రాస్తున్నాడని గుర్తుపెట్టుకుని ఇది చదవండి.

మా అక్క పేరు సువార్త. జవళగేర వెళ్ళే దారిలో ఒక క్యాంపులో ఉంటుంది. క్యాంపంటే గుడారాలు కావు. కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి వరి వేసినవాళ్ళ ఊళ్ళను ఇక్కడ అలాగే అంటారు. తరాలు మారినా మేమింకా క్యాంపుల్లోనే ఉన్నాం. అక్కాబావలకు పిల్లల్లేరు. కౌలుకు తీసుకున్న చేను, రెండు గేదెలు, చర్చి. ఇవే వాళ్ళ లోకం.

ఆ చేను కాలువకు చిట్టచివర ఉంది. చివరి చేలకు నీళ్ళు ఊరికే రావు, వంతు మీద వస్తాయి. వంతు రోజున పిల్లకాలువ గట్టు తెగ్గొట్టి నీళ్ళు చేలోకి మళ్ళించుకుని, తడి అందాక ఆ గండిని, అంటే మడవని, మళ్ళీ కట్టెయ్యాలి. ఈలోగా గట్టు మీద మనిషి ఉండి తీరాలి. ఎందుకంటే మాకు పైన సుబ్బారావు గారి చేను ఉంది. కాపలా లేనప్పుడు మా పిల్లకాలువలో ఒక గడ్డిమోపు దానంతటదే అడ్డం పడుతుంది. నీళ్ళు వాటంతటవే సుబ్బారావు గారి వైపు తిరుగుతాయి. ఏళ్ళ తరబడి ఇది ప్రకృతి వైపరీత్యంగానే సాగింది.

వంతు ఆదివారం పడితే బావ చర్చికి వచ్చేవాడు కాదు. చర్చి మైకు మా చేనుదాకా వినపడుతుంది. పార పుచ్చుకుని గట్టు మీద నిలబడే ఆరాధనలో ఉండేవాడు. మైకులో అక్క పాట ఎత్తుకోగానే తలకు చుట్టిన తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవాడు. "ప్రభువుకి నా బుర్ర కనపడితే చాల్లే. పాస్టరు గారికి కనపడకపోయినా ఫర్వాలేదు" అనేవాడు.

ఆయన మడవ కట్టడం కూడా ఒక వింత. అందరూ నాలుగు పారల మట్టి వేసి పోతారు. బావ గడ్డిని తాడులా పేని అడుగున పరిచి, పైన మట్టి వేసి, పార వెనకభాగంతో పొయ్యి అలికినట్టు నున్నగా మెత్తేవాడు. చూసినవాళ్ళు నవ్వేవారు. ఆయన కట్టిన మడవ మాత్రం కారేది కాదు.

పనయ్యాక ఇంటికొచ్చి పార గోడకు ఆనించి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కేకేసేవాడు: "సువార్తా, కాఫీ!" ఆయనకో పొడుగాటి స్టీలు గ్లాసు ఉండేది. దాని నిండా పొయ్యాల్సిందే. ఆ గ్లాసుతో ఇంకెవరూ తాగే ధైర్యం చెయ్యలేదు.

కిందటేడు ఎండలు ముదిరే రోజుల్లో గుండెల్లో నొప్పిగా ఉందని అరుగు మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

ఆ ఏడాది అక్క ఎలా గడిపిందో నాకు తెలుసు. చర్చిలో పాట ఎత్తుకునేది, రెండో చరణానికి గొంతు ఆగిపోయేది. మిగతా పాటను మేము లాక్కొచ్చేవాళ్ళం, రాగాన్ని దారిలో వదిలేసి. కానీ ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఒకసారి నేను, "దేవుడి మీద కోపం రావడం లేదా అక్కా?" అని అడిగాను. "వస్తోంది. అందుకే వెళుతున్నా. ఇంట్లో కూర్చుంటే ఎవరితో పోట్లాడను?" అంది.

మనిషిని దారి తప్పించే శోధనలు కూడా వరసలో నిలబడ్డాయి. వేరే ఊళ్ళో ఉన్న ఒకావిడ సంగతి మా పిన్ని మోసుకొచ్చింది. ఆవిడ పూనకంలో చనిపోయినవాళ్ళ గొంతుతో మాట్లాడుతుందట. ప్రకాశంతో కూడా మాట్లాడిస్తుందట. మన బైబిలు వాక్యం అలాంటివాటి జోలికి పోవద్దంటుందని అక్కకు తెలుసు. తెలిసే మంచి చీర కట్టుకుని బస్టాపుదాకా వెళ్ళింది. బస్సు వచ్చింది. అక్క ఎక్కలేదు, తిరిగొచ్చి గేదెకు గడ్డి వేసింది.

"ఎందుకు ఎక్కలేదు?" అంటే, "ఒక్కసారి ఆ గొంతు వింటే రోజూ అదే బస్సు ఎక్కుతానురా తమ్ముడూ" అంది.

రెండో శోధన సాక్షాత్తూ సుబ్బారావు గారి నోటినుంచే వచ్చింది. మనిషి దుర్మార్గుడేమీ కాదు. నీళ్ళ విషయం తప్పిస్తే మంచివాడు. "కాలువలో దొంగపైపు వేసుకో అమ్మాయ్. అందరం వేసుకున్నవాళ్ళమే. లస్కరుకు నేను చెబుతాలే" అన్నాడు. లస్కరంటే కాలువ మీద తూములు చూసే మనిషి.

"నేనూ దొంగతనం చేస్తే ఇక మీ మీద ప్రార్థన చేసుకునే హక్కు పోతుంది కదా బాబాయ్" అంది అక్క. సుబ్బారావు గారు నవ్వారు గానీ, అంత గట్టిగా కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఏడు వరి పొట్ట మీద ఉండగా ఎండలు ముదిరాయి. ఒక్క తడి అందితే పంట చేతికొస్తుంది. లేకపోతే తాలే. పంట పోతే కౌలు చేను సుబ్బారావు గారు తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. అక్క సింధనూరులో మా మూడో గదిలోకి వచ్చెయ్యాలి. నాకు అభ్యంతరం లేదు. అక్కకే ఉంది.

ఆ ఒక్క తడికి మా వంతు ఆదివారం పొద్దున పడింది. అదే ఆదివారం ఆరాధనలో బావ ఏడాది జ్ఞాపకార్థ కూడిక.

నేను చేను దగ్గర ఉంటానన్నాను. అక్క ఒప్పుకోలేదు. "ఆయన తరఫున నిలబడడానికి నువ్వూ నేనే ఉన్నాం. మనమే రాకపోతే ఎలా? పైగా నువ్వు పార పట్టుకుంటే వేళ్ళు తెగుతాయి" అంది. కూలికి మనిషిని పెడదామన్నాను. సుబ్బారావు గారికి ఎదురుగా గట్టు మీద నిలబడే మనిషి క్యాంపులో దొరకలేదు. పాస్టరు గారు కూడిక వచ్చే వారానికి మారుద్దామన్నారు. అక్క దానికీ వద్దంది. "చేను కోసం దేవుడికిచ్చిన రోజును వెనక్కి జరిపితే, రేపు ఇంకోదానికోసం జరుపుతాను" అని, పొద్దున్నే తను వెళ్ళి మడవ తెగ్గొట్టి నీళ్ళు పెట్టి, వచ్చి స్నానం చేసి, చర్చికి బయల్దేరింది.

నాకు లోపల మండిపోయింది. విశ్వాసం మంచిదే గానీ, విశ్వాసానికీ మొండితనానికీ మధ్య ఒక గట్టుంటుందనీ, మా అక్క దాన్ని ఎప్పుడో తెగ్గొట్టేసిందనీ అనుకున్నాను.

ఆ రోజు ప్రసంగంలో నేను నిద్రపోలేదు. ఆ పాస్టరు గారికి అదే మొదటి అద్భుతం. నా కళ్ళముందు గడ్డిమోపు, తిరిగిపోతున్న నీళ్ళు. చివర్లో అక్క మైకు దగ్గరికి వెళ్ళి పాట ఎత్తుకుంది. రెండో చరణం వచ్చింది. మేమందరం లాగడానికి సిద్ధపడ్డాం. అక్క ఆగలేదు. ఏడాదిలో మొదటిసారి చివరిదాకా పాడింది.

భోజనాలు కూడా చెయ్యకుండా అక్కను తీసుకుని చేనుకు వెళ్ళాను. ఓదార్చడానికి ఏం మాట్లాడాలో దారిలో తయారుచేసుకున్నాను. అదంతా వృథా అయింది.

చేను నిండా నీళ్ళున్నాయి. మడవ కట్టేసి ఉంది. నేను వంగి చూశాను. మట్టి అంచున పేనిన గడ్డి కనపడుతోంది. పైన పొయ్యి అలికినంత నున్నగా ఉంది.

అక్క గట్టు మీద కూలబడి, "స్తోత్రం" అంది. ఆ మడవ వైపు మాత్రం చాలాసేపు చూడలేదు.

పై గట్టు మీద సుబ్బారావు గారు కూర్చుని ఉన్నారు. పక్కన ఒక గడ్డిమోపు ఉంది. అదెందుకు తెచ్చుకున్నారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"మాష్టారూ, కాపలాకి ఎవర్ని పెట్టారు?" అన్నారు.

"ఎవర్నీ పెట్టలేదండీ."

ఆయన మడవ వైపు వేలు చూపించారు. "వెనకనుంచి చూశా. లుంగీ ఎగగట్టి, తలకి తువ్వాలు చుట్టి నుంచున్నాడు. ఏవోయ్ అని కేకేశా, పలకలా. ఇంతలో మైకులో మీ అక్కగారి పాట మొదలైంది. తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు మాష్టారూ. ఇక నా కాళ్ళు ముందుకు పడలా."

నా అలవాటు కొద్దీ ప్రశ్నలు మొదలుపెట్టాను. సుబ్బారావు గారు తప్ప క్యాంపులో పార పట్టగల మగాళ్ళందరూ ఆ పొద్దున చర్చిలో ఉన్నారు. బావంటే ప్రేమ కొంత, తరువాత భోజనాలున్నాయన్నది కొంత. పక్క ఊరివాడైన లస్కరు హనుమంతప్పను అడిగితే కోపగించుకున్నాడు. "ఏంది సార్ గిట్ల అడుగుతరు? మీ పొలంల నాకేం పని? తూము ఇడిశిన, మా బిడ్డ ఇంట్ల దావత్ ఉంటే పోయిన. మడవ కట్టుడు నా డ్యూటీయా?" అన్నాడు. విచారిస్తే ఆ దావత్ నిజమే.

బావ పార అక్క ఇంట్లో తలుపు వెనకే ఉంది. దానికి తడిమట్టి అంటి ఉందని రాస్తే ఈ కథ ఇంకా బాగుండేది. కానీ అది ఎండిపోయి, సాలెగూడు పట్టి ఉంది. అక్క పొద్దున వాడింది వేరే పార.

సుబ్బారావు గారు భయంలో భ్రమపడ్డారని అనుకోవచ్చు. మనస్సాక్షి మనిషి రూపంలో నిలబడగలదని ఒప్పుకోవడానికి నాకేమీ ఇబ్బంది లేదు. అయితే మనస్సాక్షి గడ్డి పేని మడవ కట్టగలదా అన్నదగ్గరే ఆగిపోతున్నాను. ఎంత ఆలోచించినా అక్కణ్ణుంచి ముందుకు కదల్లేకపోతున్నాను. పాస్టరు గారు మాత్రం దేవదూత అయి ఉండవచ్చన్నారు.

మర్నాడు సాయంత్రం సుబ్బారావు గారు కొబ్బరికాయ పట్టుకుని అక్క ఇంటికి వచ్చారు. నేను దేవదూత సంగతి చెప్పాను.

"దేవదూతలు లుంగీ కడతారా మాష్టారూ?" అని నన్ను అక్కడితో ఆపేసి, అక్క వైపు తిరిగారు. "నా మాట విను అమ్మాయ్. వాడు ప్రకాశమే. నిన్ను చూసుకోడానికి వచ్చాడు. ఆ మడవ దగ్గర ఈ కాయ కొట్టిస్తా. నీకు పట్టింపైతే నువ్వు అటు చూడకు."

అక్క లేచి లోపలికి వెళ్ళింది. నాకు భయం వేసింది. బస్టాపులో ఎక్కకుండా వదిలేసిన బస్సు ఇప్పుడు ఇంటి గుమ్మంలోకే వచ్చి ఆగింది. అవునన్నా ఎవరూ తప్పుపట్టరు. నిజం చెప్పాలంటే, అవునంటే బాగుండునని నాకే అనిపించింది. మా బావ నాకూ బావే కదా.

పళ్ళెంలో కాఫీలతో బయటికొచ్చింది. మా ఇద్దరికీ మామూలు గ్లాసులు. మూడోది ఆ పొడుగాటి స్టీలు గ్లాసు, నిండుగా పొగలు కక్కుతూ. మాకిచ్చి, గడప మీద కూర్చుని, అది తనే తీసుకుంది. ఒక గుక్క తాగింది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకోవలసినట్టే ఉన్నాయి.

"ఆయనే అయితే, అంత పని చేసి, కాఫీ అడక్కుండా పోతాడా బాబాయ్?"