పిల్లికి కట్టిన దిష్టి తాడు

మా అత్తకు పిల్లి అంటే గిట్టదు. ఈ మాట ఆమే చెబుతుంది, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, దాని చెవుల వెనక గోకుతూ. కమలాపురంలో మా వీధంతా నమ్మినట్టే తలూపుతుంది. నేనెట్లా నమ్మేది? పెరుగు తక్కువైన రోజు మా ఇంట్లో నాకు మజ్జిగ, దానికి మీగడ.

పోయిన ఎండాకాలం ఆ పిల్లి వరండాలో మెడ చాచి, ఖాళ్ ఖాళ్‌మని దగ్గి, వెంట్రుకల ఉండ ఒకటి కక్కింది. కక్కి, ఏమీ జరగనట్టు పోయి అన్నం తిన్నది. నేను తుడవబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. దీనికి దిష్టి తగిలిండాది. ఎదురింటామె నిన్ననే 'మీ పిల్లి శానా బాగుండాదే' అనె."

"అత్తా, అది ఒళ్ళు నాక్కుంటాది. వెంట్రుకలు కడుపులోకి పోతాయి. ఎప్పుడన్నా ఒకసారి ఇట్ల కక్కుతాది. తింటాండాది కదా, ఏం కాదులే."

"నీకేం తెలుస్తాది దిష్టంటే? నిన్నెవరు చూస్తారు గనక!"

నాతో ఆమె ముద్దుగా మాట్లాడే పద్ధతి ఇదే.

సాయంత్రం ఉప్పు, ఎండుమిరపకాయలు పిల్లి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టట. ఇంటిల్లిపాదీ దగ్గి చచ్చాం. "చూసినారా, రవ్వంత ఘాటన్నా లేదు," అంది అత్త, కారుతున్న కళ్ళు కొంగుతో తుడుచుకుంటూ. అంతటితో ఊరుకుందా? దాని మెడకు నల్లదారం కట్టింది, అందంగా ఉంటుందని కొస పొడుగ్గా వదిలి.

కొన్నాళ్ళకు మెడ మీద దారం లేదు. దిష్టిని పట్టుకుని ఎటో పోయిందని అత్త సంబరపడింది. ఆ మర్నాడు పిల్లికి ఓకరింతలు పట్టుకున్నాయి. ఈసారి ఉండ లేదు, ఏమీ లేదు. నురగ, పచ్చటి నీళ్ళు, మళ్ళీ ఓకరింత. మీగడ వాసన కూడా చూడకుండా బీరువా కింద దూరింది. అత్త మళ్ళీ మిరపకాయల డబ్బా తీస్తే లాక్కున్నాను.

"డాక్టరు దగ్గరికి కడపకు పోతాండాం. లెయ్!"

ఆటోలో దారి పొడుగునా అత్త ఒళ్ళోని బుట్టలోకి వంగి పిల్లిని బతిమాలింది. "లెయ్ నాయనా. నువ్వు పోతే ఆ మీగడంతా ఈమె తింటాది."

పశువుల డాక్టరు వరసగా అడిగాడు. తింటాండాదా? నీళ్ళు తాగుతాండాదా? దొడ్డికి పోయిందా? అన్నిటికీ లేదనే చెప్పాను.

"ఎప్పుడన్నా ఒక ఉండ కక్కితే భయం లేదమ్మా. ఓకరిస్తానే ఉండి ఏమీ రాకపోయినా, తిండి మానేసినా, మూలకు ముడుచుకున్నా వెంటనే తీసుకురావల్ల. దారంగీరం ఏమన్నా మింగిందా?"

మా అత్త గోడ మీది ఆవు బొమ్మను దీక్షగా చూడసాగింది.

డాక్టరు పిల్లి నోరు తెరిచి నాలుక ఎత్తాడు. అడుగున నల్లదారం చుట్టుకుని ఉంది. మిగతాది గొంతులోకి పోయింది.

"అయ్యో నా తల్లీ!" అంటూ అత్త దాన్ని లాగబోయింది.

"లాగొద్దు పెద్దమ్మా! లోపల పేగులు కోసుకుపోతాయి!"

ఆమె ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, బయటికొచ్చి బెంచీ మీద కూలబడింది.

ఆపరేషన్ అవుతున్నంతసేపూ పిల్లి చెవుల వెనక గోకినట్టు ఖాళీ బుట్ట అంచు గోకుతూ కూర్చుంది. చివరికి అంది: "నా చేత్తోనే కడితి కదే. గిట్టదు గిట్టదని ఊరంతా చెప్తి. అది నిజమనుకునిందేమో."

నాకూ ఏడుపొచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

పిల్లి బతికింది. కుట్లు నాక్కోకుండా మెడకు వేసిన గరాటు లాంటి ప్లాస్టిక్ పట్టీతో ఇల్లు చేరి, కనిపించిన ప్రతి గడపకూ గుద్దుకుంది. ఎదురింటామె చూడవచ్చి "మీ పిల్లి ఎంత ముద్దుగుండాదో!" అంటే, అత్త చెయ్యి నల్లదారం ఉండ దాకా పోయి వెనక్కి వచ్చింది.

కుట్లు మానాయి, పట్టీ తీసేశారు. ఒకరోజు పొద్దున అత్త తన పట్టుచీర మంచం మీద ఆరబెట్టింది. పిల్లి సరిగ్గా దాని మధ్యకెక్కి మెడ చాచింది. ఖాళ్ ఖాళ్. ఇద్దరం బిగుసుకుపోయాం. ఏదో పడింది. అత్త వంగి, చీపురుపుల్లతో కదిపి, తిరగేసి చూసింది. ఈలోగా పిల్లి కిందికి దూకి మీగడ గిన్నె నాకడం మొదలుపెట్టింది.

"వెంట్రుకలే! ఒట్టి వెంట్రుకలే!" అత్త కేక వీధంతా వినిపించింది.

ఆ పూట మా ఇంట్లో పూర్ణం పెట్టి ఓళిగలు చేశాం. నెయ్యి వాసనకు ఎదురింటామె వచ్చి ఏం పండగని అడిగింది.

"మా పిల్లి కక్కినాది," అంది అత్త, ఆమె చేతిలో ఓళిగ పెడుతూ.