గొర్రెల మెడలో సిమ్ కట్టిన మా వదిన

"వదిన పోయింది" అని అన్న ఫోన్ చేసినప్పుడు నేను మార్కాపురంలో, మా బడి వరండాలో, మధ్యాహ్న భోజనాల దగ్గర నిలబడి ఉన్నాను. "యాడికి పోయింది?" అని అడిగాను. అన్న పక్కన ఎవరో "నీళ్లు తాగన్నా" అంటున్నారు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. "యాడికి పోయిందో చెప్పన్నా" అని కొంచెం విసుక్కున్నాను కూడా.

ఆ ఉదయమే ఆమె నాకు ఫోన్ చేసింది. ఆదివారం వస్తానంది, చింతచిగురు తెస్తానంది. కంభంలో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేది వదిన. పాఠం మధ్యలో తల పగిలిపోతోందని కుర్చీలో కూర్చుందట. కారులో మార్కాపురం తెస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. నలభై ఏళ్లు నిండలేదు. జ్వరానికి కూడా మంచం పట్టిన మనిషి కాదు. వారాలు గడిచినా నా చేతికి ఇంకా తెలియడం లేదు. "చెబుతుంది" అని రాసి, కొట్టేసి, "చెప్పేది" అని దిద్దుకుంటున్నాను.

మాది అర్ధవీడు దగ్గర పల్లె. మా నాయనకు గొర్రెల మంద ఉంది. వదిన కొనకనమిట్ల వైపు అమ్మాయి. పెళ్లికి ముందు బెంగళూరులో పనిచేసింది. నీళ్ల మీటర్లు, కరెంటు మీటర్లు లాంటి వాటిలో సిమ్ పెడితే అవి సెల్ టవర్‌తో సరిగా మాట్లాడుతున్నాయో లేదో పరీక్షించే పని. కొత్తకోడలిగా మందను చూడటానికి మాతో కొండ దాకా నడిచి వచ్చి, "మామా, ఈడ సిగ్నల్ వస్తాదా?" అని అడిగింది. ఫోన్ లేనిదే ఈ పిల్లకు పొద్దుపోదేమో అనుకుంది అమ్మ.

వంటింట్లో రొట్టెలు చేస్తూ ఒకసారి, గొర్రెల మెడలో కూడా సిమ్ కడతానంటూ నాకు విడమర్చి చెప్పింది. మన ఫోన్ ఎప్పుడూ టవర్ పిలుపు కోసం చెవి పెట్టుకుని ఉంటుంది, అందుకే దానికి రోజూ ఛార్జింగ్ కావాలి. మీటరుకు అంత అవసరం లేదు. లేచి, నాలుగు అంకెలు పంపి, మళ్లీ పడుకుంటే చాలు. ఒక్క బ్యాటరీతో ఏళ్లు గడుస్తాయి. ఇట్లాంటి వస్తువుల కోసమే దేశదేశాల వాళ్లు కూర్చుని పద్ధతులు రాసుకున్నారట. కదలని వాటికి ఒకటి, తిరిగే వాటికి ఒకటి.

"మన టవర్ల మీద దొరికేది కదలని వాటిదే పాపా" అంది. "గొర్రెలకు దాంతోనే సర్దుకోవాల."

"గొర్రె తిరుగుతాది కదా వదినా?"

"తిరుగుతాది. ఏం, బస్సు మాదిరి పోతాదా?" అని రొట్టె తిప్పుతూ నవ్వింది. నవ్వినప్పుడు చేతి వెనకవైపుతో నోరు మూసుకునేది.

మా అమ్మకు చెవులు సరిగా వినపడవు. ఇంట్లో అందరం ఆమెతో అరిచే మాట్లాడతాం. వదిన ఒక్కతే అరిచేది కాదు. అమ్మకు వినపడేదాకా అదే మాటను అదే గొంతుతో మళ్లీ చెప్పేది. "అరిస్తే మాట పగులుతాది పాపా. మళ్లీ చెప్తే అందుతాది" అనేది. తన యంత్రాలకూ అదే నేర్పారని చెప్పింది. టవర్ దూరమైతే అవి ఒకే మాటను మళ్లీ మళ్లీ పంపుతాయట. ఫోన్ మాట అందని చోటు నుంచి కూడా ఆ చిన్న కబురు వచ్చేది అందుకే.

సిమ్ పెట్టిన మెడపట్టీలను తన విద్యార్థులతో కలిసి తయారుచేసింది. నాయన మొదట ఒప్పుకోలేదు. "గొర్రెకు ఫోనేంది? జనం నవ్వుతారు" అన్నాడు. చివరికి మంద ముందు నడిచే పొట్టేలుకు మాత్రం కట్టనిచ్చాడు. అది చెట్టుకు రుద్ది రుద్ది తెంపేసింది. వదిన గట్టి తోలుతో మరొకటి కుట్టించి తెచ్చింది.

"మనం పిలిస్తే పలకదా ఇది?" అని అడిగాడు నాయన.

"నిద్రలో ఉంటాది మామా. గంటకోసారి అదే లేచి, యాడుందో చెప్తాది. అంతదాకా మనం ఆగాల."

పోయిన వానాకాలం నాయన మందను తోలుకుని కొండవైపు పోయాడు. మధ్యాహ్నం నుంచి ఒకటే వాన. సాయంత్రానికి సగం గొర్రెలు, పొట్టేలు లేకుండా, వాటంతట అవే ఇల్లు చేరాయి. నాయన రాలేదు. ఫోన్ కలవలేదు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. వదిన అప్పుడే కాలేజీ నుంచి వచ్చి, తడిచీరతోనే ఫోన్ తెరిచింది. పొట్టేలు చివరిసారి కబురు పంపినప్పుడు వాగు అవతల ఉంది. ఇప్పుడెక్కడుందో తెలియాలంటే పట్టీ మళ్లీ లేవాలి.

"నేను పోతన్నా" అని అన్న కర్ర అందుకున్నాడు.

"యా పక్కకు పోతావు? వాగుకు ఈ పక్కనా, ఆ పక్కనా? ఆగు."

"నాయన ఆడ సచ్చిపోతాంటే ఆగమంటావా? నీ యంత్రం పాడుగాను!"

అన్న ఆమె మీద అరవడం నేను చూడటం అదే మొదలు. ఆమె గొంతు మాత్రం మారలేదు. "ఆగు. చెప్తాది" అంది. గంట దాటింది, కబురు రాలేదు. అన్న వాకిట్లోకి దిగాడు. "ఆగు. చెప్తాది" అని మళ్లీ అంది. అన్న చెప్పులు వేసుకుంటుండగా వచ్చింది. పొట్టేలు వాగుకు ఈవలే ఉంది, కొండ వాలులో.

అన్న, ఊరివాళ్లు టార్చిలైట్లు తీసుకుని పరుగెత్తారు. వదిన గడపలో కూర్చుంది. టీ ఇస్తే ముట్టలేదు. చీకటి పడుతుండగా, దొరికాడని ఒకతను అరుచుకుంటూ వచ్చాడు. నాయన జారి గుంతలో పడ్డాడు, తొడ ఎముక విరిగింది, గొంతు పోయేదాకా కేకలు పెట్టాడు. పొట్టేలూ మిగతా మందా గట్టు మీదే తడుస్తూ నిలబడి ఉన్నాయట. ఆ మాట విని వదిన లేచి, ఇంటి వెనక్కి పోయి వాంతి చేసుకుంది. నేను వీపు నిమురుతుంటే, "మీ అన్న మాటే నిజమైతే ఏం చేద్దును పాపా" అంది. అంతసేపూ ఆమె ఎంత భయంతో ఉందో నాకు అప్పుడు తెలిసింది.

ఆసుపత్రిలో చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ నాయన అదే చెప్పాడు. "నా కోడలు దేవులాడి తెచ్చింది నన్ను." ఈరోజు మా నాయన కర్ర పట్టుకుని వాకిట్లో నడుస్తున్నాడంటే ఆమె వల్లే. ఆయన కంటే ముందు ఆమె పోతుందని మాలో ఎవరం కలలో కూడా అనుకోలేదు.

శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు నాయన తలాపున కూర్చున్నాడు. ఏడ్చే ఆడవాళ్లను చెయ్యెత్తి ఆపాడు. "ఊరుకోండి. పిల్ల కాలేజీ నుంచి అలిసిపోయి వచ్చింది. పండుకోనీండి" అన్నాడు.

వాళ్లకు పిల్లల్లేరు. ఆ ఇంటికి ఆ రోజు కాలేజీ పిల్లలు వరసగా వచ్చారు. ఒక అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "మేడం బోర్డు మీద సగం బొమ్మే గీసినారు. ఎవురూ తుడపలేదు" అంది.

మర్నాడు పొద్దున్నే ఎవరో కాలేజీలో ఉండిపోయిన వదిన స్కూటీని తెచ్చి గేటు ముందు పెట్టి పోయారు. అన్న దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత బకెట్‌తో నీళ్లు తెచ్చి, చక్రాలకు అంటిన ఎర్రమట్టి కడగడం మొదలుపెట్టాడు. అద్దాలు తుడిచాడు. సైడ్ స్టాండ్ కింద ఇరుక్కున్న మట్టిని పుల్లతో తీశాడు. అప్పటికే ఎండ ఎక్కింది. సీటు వేడెక్కకుండా, భుజం మీది తువ్వాలు తీసి దాని మీద పరిచాడు.