వదిన పంపిన రిక్వెస్ట్

పిల్లలు బడికి వెళ్లాక వదిన, ఆడపడుచు పక్కన కూర్చుని ఏపీఐ టెస్టింగ్, అంటే సర్వర్‌కి రిక్వెస్ట్ పంపి జవాబు సరిగ్గా వస్తోందో లేదో చూడటం, నేర్చుకునేది. ఆ రోజు లైబ్రరీ సర్వర్‌ని ఒక పుస్తకం వివరాలు అడగాలి. టెస్టింగ్ టూల్‌లో అడ్రస్ కొట్టి సెండ్ నొక్కింది. ఎర్రగా 401 అని ఎర్రర్ వచ్చింది. ఎన్నిసార్లు నొక్కినా అదే వరస.

“నా వల్ల కాదు తల్లీ,” అంది నీరుగారిపోయి.

“సర్వర్ ఏమంటోందో చదువు వదినా.”

వదిన కళ్లజోడు సవరించుకుంది. “నువ్వెవరో తెలియదంటోంది. ఓసి నా మతిమరుపూ! కీ ఇవ్వకుండా తలుపు తీయమంటే ఎలా తీస్తుంది?”

రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే హెడర్స్‌లో, లైబ్రరీ ఇచ్చిన రహస్య కీ అతికించి మళ్లీ నొక్కింది. ఆకుపచ్చగా 200 వెలిగింది, కింద పుస్తకం పేరు, రచయిత పేరు బారులు తీరాయి.

“వచ్చేసింది!”

ఆ కేకకు పక్కగదిలోంచి అత్తగారు పరుగెత్తుకొచ్చింది. “ఎవరొచ్చారే?”

“జవాబొచ్చింది అత్తయ్యా! నేనడిగితే సర్వర్ చెప్పింది!”

“ఇంట్లోవాళ్లే నీ మాట వినరు. అది విందంటే గట్టిదానివే!” అని అత్తగారు నవ్వేసింది.

వదిన అప్పటికే ఇంకో పుస్తకం నంబరు కొట్టేస్తోంది.