చేటలో పచ్చి బియ్యం

మా తమ్ముడు నా గురించి ఒక కథ చెబుతాడు. తిరుపతిలో చెప్పాడు, మద్రాసులో చెప్పాడు, విమానమెక్కి వెళ్ళిన దేశాల్లో ఇంగ్లీషులో చెప్పాడు. ఆ కథలో నేను చాలా మంచిదాన్ని. అక్షరం ముక్క రాకపోయినా పండితులకు అందని సంగతి గ్రహించి, ఒక యూదు స్త్రీకి ఆమె ధర్మానికి సరిగ్గా తగిన ఆతిథ్యం ఇచ్చినదాన్ని. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారట. ఆ కథ అబద్ధం. దాన్ని వాడి నోట ఆపించడానికి నేను పడిన పాటు ఇక్కడ రాస్తున్నాను.

తమ్ముడు తిరుపతి దగ్గర ఒక వేదాంత కళాశాలలో క్రైస్తవ వేదాంతం బోధించేవాడు. ఈమధ్యే పదవీ విరమణ చేశాడు. వాడి చదువంతా ఒకే దారిన నడిచింది. మన బోధకులు యూదుల గురించి తరతరాలుగా చెప్పినదాంట్లో ఎంత తప్పుంది, వాళ్ళతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడితే మన విశ్వాసం మనకే ఎలా కనబడుతుంది, అదే వాడి పరిశోధన. అందుకోసం హెబ్రీ నేర్చుకున్నాడు, పరదేశంలో ఉండి చదివాడు. మా సంఘాల్లో ఎవరిని తిట్టాలన్నా, బైబిల్లో యేసును తప్పుపట్టిన యూదు మతపెద్దల పేరెత్తి, పరిసయ్యుడంటారు. చందా ఏమైందని అడిగినవాడు పరిసయ్యుడు, పాట రాగం తప్పిందన్నవాడు పరిసయ్యుడు. అది తిట్టు కాదని, ధర్మశాస్త్రం యూదులకు మెడ మీద కాడి కాదని, వాళ్ళకు అది సంతోషమని తమ్ముడు చెబితే పాస్టర్లు తలూపి, వాడు అటు తిరగ్గానే యూదయ్య అని నవ్వుకునేవాళ్ళు. వాడు అలిగేవాడు కాదు. ఆ మొండితనం నాకు తెలుసు. అమ్మ పోయాక వాడిని పెంచింది నేనే. చెనిక్కాయ చేలల్లో కూలికి పోయి చదివించాను. అదీ కథలో ఉంటుంది.

ఆ కథ మొదలైంది చిత్తూరు దగ్గర మా పల్లెలో, నేనిప్పటికీ ఉంటున్న ఇంట్లో. ఒకరోజు తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఆదివారం గుళ్ళో ఆరాధన అయినాక ఒకామెను పిల్చుకొస్తాండానక్కా. యూదులామె. పెద్ద పండితురాలు. నేను పుట్టిన ఇల్లు సూడాలంటాది."

"ఏం తింటాది?"

"ఏదో ఒకటి సూసుకుందాంలే."

ఏళ్ళ తరబడి వాళ్ళ ధర్మశాస్త్రం చదివినవాడు ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబు ఇది. అక్క పొయ్యి మీద ఏదో ఒకటి ఉంటుందని వాడికి చిన్నప్పటి నుంచీ నమ్మకం. నేను నాటుకోడిని కోయించి పులుసు పెట్టాను. సంగటి కెలికాను. దొరసాని కారం తినలేదేమోనని కొంచెం పులుసు తీసి విడిగా కారం తగ్గించాను.

ఆమెది నా ఈడే. తలకు గుడ్డ చుట్టుకుని, పాదాల దాకా లంగా కట్టుకుని వచ్చింది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు గడప బయట విడిచింది. నాకు చేతులెత్తి దణ్ణం పెట్టింది. అప్పటిదాకా నాకామె మీద ఏ కోపమూ లేదు. తమ్ముడు వంటింట్లోకి వచ్చి సట్టి మీద మూత తీసి చూశాడు.

"అక్కా, ఆమె ఇది తినదు."

"కారం తక్కువేసింది కూడా ఉండాదిరా."

"కారం కాదు. కోడిని వాళ్ళ పద్ధతిలో కొయ్యాల. మన సట్టిలో వండింది ఏదీ ఆమె తినదు. తప్పుగా అనుకోవద్దు, వాళ్ళ ధర్మం అట్ల."

"మన సట్టిలో వండింది తినదా."

"మనదని కాదక్కా."

"మల్ల ఎవురిదని?"

వాడు సట్టి మీద మూత మళ్ళీ పెట్టేశాడు.

మా పల్లె పెద్దకులాల ఊరికి ఎడంగా ఉంటుంది. ఊరివాళ్ళ చేలల్లో పనిచేసి దాహమంటే, వాళ్ళు పైనుంచి పోసేవాళ్ళు, మేం దోసిలి పట్టేవాళ్ళం. మా పెళ్ళిళ్ళకు వాళ్ళను పిలవకపోతే తప్పు. పిలిస్తే వచ్చేవాళ్ళు, కానీ మా వంట ముట్టరు. అందుకని చేటలో బియ్యం, పప్పు కోసం బేడలు, చింతపండు, ఎండు మిరపకాయలు, ఉప్పు, ఆకుకూర పెట్టి, పైన ఆకువక్క ఉంచి, పచ్చి సరుకుగానే వాళ్ళ ముందు పెట్టాలి. చేతికి ఇవ్వకూడదు. నేల మీద పెట్టి వెనక్కి జరగాలి. వాళ్ళు వాళ్ళ సట్టి తెచ్చుకుని, పల్లె దాటి చింతచెట్టు కింద మూడు రాళ్ళు పెట్టుకుని వండుకునేవాళ్ళు. దాన్ని మర్యాద అనేవాళ్ళు. నా పెళ్ళికి మా అమ్మ మోసింది ఆ చేట. పసుపు బట్టల్లో కూర్చుని నేను చూశాను.

మేం ఈ మతంలోకి రావడం కూడా కూటి సంగతే. మా అవ్వ చెప్పేది. పల్లెకు వచ్చిన పాదిరి మా తాత చాప మీద కూర్చుని, మా అవ్వ చేతి సంగటి ఒక ముద్ద అడిగి తిన్నాడట. ఆయన ఏ బోధ చేశాడో అవ్వకు ఒక్క మాట గుర్తులేదు. తిన్నాడు, అంతే. మా వాళ్ళందరూ బాప్తీస్మం తీసుకున్నారు. ఆ ఇంట్లోనే ఇప్పుడు నా సట్టి పనికిరాదని మా తమ్ముడే వచ్చి చెప్పాడు, ధర్మం అనే మాట వాడి మరీ చెప్పాడు.

చేట తీశాను. బియ్యం పోశాను, బేడలు పోశాను, మిగిలినవన్నీ పెట్టాను. ఆకువక్క మరచిపోలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని వాకిట్లోకి నడిచి, ఆమె ముందు నేల మీద పెట్టి, తల వంచుకుని వెనక్కి జరిగాను. మా పల్లెలో ఎవరు చూసినా దానర్థం తెలుస్తుంది. గోడ అవతలి నుంచి పక్కింటామె చూసింది.

"ఏమ్మే, ఊళ్ళోవాళ్ళు ఎవురన్నా వచ్చినారా మీ ఇంటికి?"

"వాళ్ళకంటే పెద్దోళ్ళు వచ్చినార్లే."

పక్కింటామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పరదేశం ఆమె చేట వైపు చూసింది. బియ్యం చూసింది, బేడలు చూసింది. ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని గబగబా ఏదో చెప్పింది. తమ్ముడు నా వైపు చూడకుండా దాన్ని తెలుగులోకి మార్చాడు.

"నీకెవురు చెప్పినారని అడుగుతా ఉండాదక్కా. ఇన్ని దేశాలు తిరిగితే ఎవురింట్లోనూ ఇట్ల ఇయ్యలేదంట. వండనిదైతే ఆమె తినొచ్చు. సరిగ్గా ఆమెకు కావాల్సిందే ఇచ్చినావు."

నేను విసిరిన రాయిని ఆమె పువ్వనుకుని తలలో పెట్టుకుంది. ఇంకేం చేయను, అలాగే నిలబడ్డాను.

సంచిలోంచి ఆమె ఒక చిన్న గిన్నె తీసింది, ఒక గరిటె తీసింది. వాకిట్లో మూడు ఇటుకలు పెట్టుకుంది. నేను చెరిగి ఏరిన బియ్యాన్ని ఒళ్ళో పోసుకుని మళ్ళీ ఏరింది. ఆకుకూర ఒక్కొక్క ఆకునూ వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. పురుగు తినడం వాళ్ళకు నిషేధమని తమ్ముడు చెప్పాడు. మా ఆకుల్లో పురుగులుంటాయని మాత్రం నాకు వినబడింది. ఉడికాక ఆమె వచ్చి చాప మీద నా పక్కనే, మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చుని, నా పళ్ళెంలో పప్పన్నం వడ్డించింది.

"సూసినావా అక్కా," అన్నాడు తమ్ముడు. "ఊళ్ళోవాళ్ళు నీ పక్కన కూచ్చుంటారా? నీకు వడ్డిస్తారా?"

"వడ్డించకేం రా. మిగిలింది గంపలో ఏసేటోళ్ళు గదా. ఆమె చేతిది నేను తినొచ్చు, నా చేతిది ఆమె తినకూడదు. ఇది నాకు తెలిసిన దోవే."

ఆమె తమ్ముడి ముఖంలోకి చూసి ఏదో అడిగింది. వాడు క్లుప్తంగా జవాబిచ్చాడు. ఆమె నవ్వి నాకు ఇంకో గరిటె వేసింది. ఏం చెప్పావని తర్వాత అడిగితే, పప్పు బాగుందన్నావని చెప్పానన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు నేను చదవడం నేర్చుకున్నాను. పాస్టరమ్మ సాయంత్రాలు గుడి వరండాలో మా ఆడవాళ్ళకు అక్షరాలు దిద్దించింది. వాక్యం నేనే చదువుకోవాలని మొదలుపెట్టాను. చదవడం వచ్చాక కంటబడినదల్లా చదివాను, మాత్రల డబ్బాలు, బస్సుల మీది ఊర్లు, చివరికి సంఘాల మాసపత్రిక. అందులో తమ్ముడి పేరు చూసి మురిసిపోయాను. వేలు పెట్టుకుని ఒక్కొక్క మాటే చదివాను. ఆ ఆదివారం చేట గురించి, చదువు రాని మా అక్క ప్రేమతో గ్రహించింది, అని ఉంది. ప్రేమతో అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది.

రమ్మని కబురు చేస్తే తమ్ముడు భార్యతో వచ్చాడు.

"ప్రేమతో ఇచ్చినానని ఎవురు చెప్పినార్రా నీకు?"

"మల్ల?"

"చింతచెట్టు కిందికి పంపేటోళ్ళకు ఇచ్చినట్ట ఇచ్చినాను. ఆమెకంటే తెలీదు. నువ్వు ఈ పల్లెలో పుట్టలేదా?"

వాడు కాఫీ గ్లాసు పక్కకు జరిపాడు. "తెలుసక్కా," అన్నాడు. "ఆ పొద్దే తెలుసు."

తెలియక రాశాడనుకుని నేను దాచుకున్న కొంచెం ఓర్పూ అక్కడ అయిపోయింది.

"తెలిసి రాసినావా."

"అది చెప్పినానంటే ఏమవుతుందో నీకు తెలీదు. సూసినారా, యూదులూ మనూరి పెద్దోళ్ళ మాదిరే, అంటారు. మన గుళ్ళల్లో అనిందే మల్లా అంటారు. ఆ మాటలు అనీ అనీ పరదేశంలో యూదుల్ని లచ్చలమందిని సంపి కాల్చినారక్కా. ఆమె అవ్వ అట్ల పోయిందే. నేను బతుకంతా ఆ మాట తియ్యాలనే కదా చదివింది. ఇంకోటి చెప్తా, ఆమె తోడబుట్టినోడు తిండి నియమం ఇడిసిపెట్టినాడు. వానింట్లో కూడా ఆమె తినదు. అది పుట్టుక బట్టి కాదు."

"నన్ను దూరం పెట్టింది పుట్టుక బట్టే కదరా. నాకు తెలిసిన నొప్పి అదొకటే. ఆమె అవ్వ గురించి చెప్పు, వద్దన్లేదు. దానికి నేను నవ్వతా ఇచ్చినట్ట ఎందుకు చెప్తావు?"

మరదలు మధ్యలో కలగజేసుకుంది. "వదినా, ఆ కథతోనే ఈయనకు పేరొచ్చింది. ఈ వయసులో ఎందుకు పోట్లాట? నిన్ను మంచిగానే కదా చెప్తాండాడు."

"మంచిదాన్ని చేసేముందర నన్ను అడగాల కదమ్మా."

అప్పుడు తమ్ముడికి చెప్పాను. రెండింట్లో ఒకటి చెయ్యి. జరిగింది జరిగినట్టు చెప్పు. లేదా నన్ను అందులోంచి తీసెయ్యి.

"నిన్ను తీసేస్తే నా పాఠంలో ఏముంటాదక్కా," అని నవ్వబోయాడు.

"అన్ని పుస్తకాలు చదివినావు కదా. ఆ పుస్తకాలుంటాయి."

వాడు కాఫీ తాగకుండా లేచిపోయాడు. చాలా నెలలు ఫోన్ లేదు. పదవీ విరమణ సభలో చివరి ఉపన్యాసం ఇస్తున్నానని, రమ్మని మరదలి చేత చెప్పించాడు. వెళ్ళాను. ఏం చెబుతాడో విని, అబద్ధమైతే నలుగురిలో లేచి అనాలనే వెళ్ళాను. ఆ మాట మరదలికి బస్టాండులోనే చెప్పాను. తిరుపతి ఎండలో ఆటో దొరికేదాకా ఆమె నాతో మాట్లాడలేదు.

ముందు వరసలో కూర్చున్నాను. వాడు ధర్మశాస్త్రం గురించి చెప్పాడు, పరిసయ్యుల గురించి చెప్పాడు, సంభాషణ అంటే ఎదుటివాడిని గెలవడం కాదని చెప్పాడు. ఆ ప్రసంగంలో ఊపిరి లేదు. నాకే తెలిసింది. ఒకచోట కాగితం తిప్పి, నా వైపు చూసి, ఆ కాగితం పక్కన పెట్టి తర్వాతిది అందుకున్నాడు. కూర్చున్నవాళ్ళు కదలడం, దగ్గడం మొదలుపెట్టారు. ముగిశాక వెనక నుంచి ఒక విద్యార్థిని లేచి అడిగింది.

"సార్, మీ అక్కగారి చేట కథ చెప్పలేదు. అక్కగారు కూడా వచ్చినారంట కదా."

నేను కొంగు సర్దుకుని కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించాను.

"ఆ కథ ఇంక చెప్పనమ్మా," అన్నాడు వాడు మైకులో. "అది నాది కాదు."

వినయమనుకున్నారు. చప్పట్లు కొట్టారు. ఎవరో వచ్చి నాకు శాలువా కప్పారు. నేను అడిగిన రెండింట్లో వాడికి తక్కువ ఖర్చయ్యేది వాడు ఇచ్చాడు. అబద్ధం పోయింది, నిజం రాలేదు. లేవడానికి ఊనిన చేతులతో శాలువా పట్టుకుని కూర్చున్నాను.

మరుసటి వారం నేనే రాస్తున్నానని వాడికి ఫోన్ చేసి చెప్పాను.

"రాయి," అన్నాడు. "నేను అడ్డం రాను. ఆమె తప్పేమీ లేదని కూడా రాయి. నిన్ను తక్కువగా సూడలేదు ఆమె."

"రాస్తా."

"నా గురించి ఏం రాస్తాండావు?"

"తెలుసునని రాస్తాండా. ఆ పొద్దే తెలుసునని."

వాడు ఫోన్ పెట్టేశాడు. ఆమె తప్పేమీ లేదు. ఆమె నన్ను తక్కువగా చూడలేదు. నా కోపం పోలేదు.